పేరు చెప్పండి, పాళ్లు చెప్పక్కర్లేదు

ఉత్తరం:

"నమస్కారమండీ. మాది రాజమండ్రి. నాలుగేళ్లుగా ఇంట్లో పొడులు, పచ్చళ్లు చేసి అమ్ముతున్నాను. అన్నిటికంటే బాగా పోయేది మా అత్తగారి కందిపొడి. కోనసీమలోని మోరి ఊరి నుంచి తెప్పించిన జీడిపప్పు నూకని దోరగా వేయించి, చివర్లో మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి కలపడం అందులో కిటుకు. పోయేముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుని 'ఇది గడప దాటనివ్వకే' అన్నారు. అందుకే ప్యాకెట్ మీద 'పప్పులు, మిర్చి, ఉప్పు, మసాలా దినుసులు' అని మాత్రమే వేయిస్తున్నాను. మొన్న హైదరాబాద్ నుంచి ఒకావిడ వాట్సాప్‌లో 'ఇందులో పల్లీలు, కాజూ లాంటివి ఉన్నాయా? మా బాబుకి పడవు' అని అడిగింది. 'అన్నీ పప్పులేనండీ, మంచివే' అని ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మావారేమో 'చెప్పావంటే వెనకవీధి ఆవిడ రేపే అది వేస్తుంది' అంటారు. రహస్యం బయటపెట్టమని చట్టం నన్ను బలవంతం చేస్తుందా? నా పొడులు అమెరికా, లండన్ కూడా వెళ్తున్నాయి. అడిగినవాళ్లకి అదే మిక్సీలో రొయ్యపొట్టు పొడి కూడా పడతాను. అదేమైనా ఇబ్బందా? పేరు వేయొద్దు."

సమాధానం:

మీ ఉత్తరం అందిన రోజే మీకొక ముక్క రాశాను, ముందు ఆ హైదరాబాద్ ఆవిడకి ఫోన్ చేసి జీడిపప్పు ఉందని చెప్పేయమని. చెప్పాననీ, వాళ్లింకా ప్యాకెట్ విప్పలేదనీ మీరు జవాబిచ్చారు. ఆ గండం గడిచింది. ఇక మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

తమాషా ఏమిటంటే మీరు అబద్ధం చెప్పలేదు. "అన్నీ పప్పులే" అన్నారు, తెలుగులో అది అక్షరాలా నిజం. మనకి కందిపప్పూ పప్పే, జీడిపప్పూ పప్పే, బాదంపప్పూ పప్పే, సారపప్పూ పప్పే. నువ్వుల నూనెని పప్పునూనె అంటాం. మనం వేరుశెనగ గుళ్లు అనేవాటిని హైదరాబాద్‌లో పల్లీలంటారు. మంచినూనె అంటే ఒక ఊళ్లో నువ్వులది, ఇంకో ఊళ్లో పల్లీలది. వంటింట్లో దీంతో ఏ చిక్కూ లేదు. ఎదురుగా వండిన మనిషి ఉంటుంది, అడిగితే డబ్బా తీసి చూపిస్తుంది. ప్యాకెట్ మీద అచ్చేసిన "పప్పులు" అనే మాటని మాత్రం ఎవరూ అడగలేరు. చదివినావిడ కందిపప్పు, మినప్పప్పు అనుకుంటుంది. బాబుకి అన్నంలో కలిపి పెట్టేస్తుంది.

"పడదు" అన్న మాటతోనూ ఇదే గొడవ. వంకాయ తింటే దురదంటే పడదంటాం, రాత్రి పెరుగు తింటే జలుబంటే పడదంటాం, పాలు తాగితే కడుపుబ్బరం వచ్చినా పడదనే అంటాం. జీడిపప్పు అలర్జీ ఆ కోవలోది కాదు. అందులోని ప్రొటీన్‌ని ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువనుకుని మీద పడుతుంది. కొందరికి నిమిషాల్లో పెదవులు, గొంతు వాచిపోతాయి, ఊపిరి అందదు, రక్తపోటు పడిపోతుంది. అప్పుడు ఆదుకునేవి అడ్రినలిన్ ఇంజెక్షన్, ఆసుపత్రి. అల్మరాలో ఉన్న దురద మాత్ర కాదు. దోరగా వేయించాం కదా, దోషం పోయుంటుందనీ అనుకోవద్దు. ఈ ప్రొటీన్లు మూకుడు వేడికి లొంగే రకం కాదు.

మా ఇంట్లోనే చూశాను. ఒక పెళ్లిలో మా అన్నయ్య మనవడికి పనీర్ కూర పెట్టించేముందు వాళ్లమ్మ వడ్డించే కుర్రాణ్ని అడిగింది, జీడిపప్పు ఉందా అని. ఆ అబ్బాయి బేసిన్‌లో గరిటె పెట్టి, అటూ ఇటూ కలిపి, పైకెత్తి చూపించి "లేదండీ" అన్నాడు. పాపం, అతను చూసింది నిజమే. పప్పు బద్దలేవీ కనపడలేదు. ఎక్కడో వేరే చోట రుబ్బి, డబ్బాలో పంపిన తెల్లటి ముద్ద ఆ గ్రేవీలో ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. పిల్లాడు రెండో ముద్దకే నాలుక గీరుకోవడం మొదలెట్టాడు. ఆసుపత్రి పెళ్లి మండపానికి దగ్గర్లో ఉండబట్టి బతికిపోయాం. మీ పొడిలోనూ జీడిపప్పు కంటికి కనపడదు. చివర్లో మిక్సీలో తిప్పి కలిపేస్తానని మీరే రాశారు.

ఇక చట్టం. రహస్యం బయటపెట్టమని చట్టం బలవంతం చేస్తుందా అంటే, సగం అవును, సగం కాదు. కాదన్న సగం మీరు అనుకున్నదానికంటే పెద్దది.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతని చూసే కేంద్ర సంస్థ) 2020లో తెచ్చిన లేబులింగ్ నియమాల ప్రకారం ప్యాకెట్ మీద దినుసుల జాబితా ఉండాలి. తయారుచేసేటప్పుడు ఏది ఎక్కువ బరువు పడుతుందో దానితో మొదలుపెట్టి తక్కువ పడే దాని దాకా వరసలో రాయాలి. దాంతోపాటు అలర్జీ తెచ్చే వస్తువులేవైనా ఉంటే "ఇందులో ఫలానాది ఉంది" అని విడిగా, ఆ వస్తువు పేరు పెట్టి చెప్పాలి. మన దేశపు జాబితాలో ఉన్నవి ఎనిమిది రకాలు: గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి గ్లూటెన్ (ఒక రకం జిగురు ప్రొటీన్) ఉన్న ధాన్యాలు; రొయ్యలు, పీతల జాతి; పాలు; గుడ్లు; చేపలు; వేరుశెనగ, జీడిపప్పు, బాదం లాంటి గింజలు; సోయా; కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్న సల్ఫైట్లు (నిల్వ కోసం కలిపే రసాయనాలు). వీటితో చేసిన పదార్థాలూ ఇందులోకే వస్తాయి. మీ జీడిపప్పు నూక తప్పించుకునే దారి లేదు. గుప్పెడే వేస్తానన్నా, పొడి చేసేస్తానన్నా, "మసాలా దినుసులు" అనే ముసుగు వేసినా కుదరదు.

ఎంత వేస్తారో మాత్రం చట్టం అడగదు. ఎంతసేపు వేయిస్తారో, ఏ మంట మీదో, నూక కలిపాక ఒక తిప్పా రెండు తిప్పులా అన్నది అస్సలు అడగదు. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, ఇంకా మీరు నాకు కూడా చెప్పనివన్నీ కలిపి "మసాలా దినుసులు" అనే ఒక్క పేరు కింద రాసుకోనిస్తుంది. అంటే దాచుకోవడానికి ఒక అర చట్టమే ఇచ్చింది. అలర్జీ తెచ్చేవాటిని ఆ అరలో పెట్టొద్దంటోంది, అంతే. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. బరువు వరస వల్ల జీడిపప్పు మూడో స్థానంలో ఉందా, ఆరో స్థానంలో ఉందా అన్నది మీ వెనకవీధి ఆవిడకి తెలిసిపోతుంది. దాన్ని తప్పించలేం.

ఇక్కడ మీకు పనికొచ్చే కిటుకొకటి ఉంది. ఏదైనా దినుసుని లేబుల్ మీద బొమ్మేసో, పెద్ద అక్షరాల్లోనో గొప్పగా చూపిస్తే, అది ఎంత శాతం ఉందో కూడా రాయాల్సి వస్తుంది. "మోరి జీడిపప్పుతో చేసిన కందిపొడి" అని బంగారు రంగులో వేయించారనుకోండి, శాతం మీరే రాసిపెట్టినట్టు. కాబట్టి బొమ్మ వద్దు, పెద్ద అక్షరాలు వద్దు. దినుసుల వరసలో ఒకసారి, అలర్జీ వాక్యంలో ఒకసారి, అక్కడితో ఆపండి.

పేరు తెలిస్తే రుచి పోతుందని మీవారి భయం. తిరుపతి లడ్డూ సంగతి ఆయనకి గుర్తుచేయండి. ఏయే సరుకు ఎంతెంత పడాలో దేవస్థానం దిట్టం అని రాసిపెట్టుకుంది. ఆ లెక్కలు పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చాయో. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, కిస్‌మిస్, కలకండ, యాలకులు అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. మరి మీ వీధిలో ఎవరైనా చేయగలిగారా? కోకాకోలా మరీ విడ్డూరం. 1977లో విదేశీ వాటా తగ్గించుకోండి, ఫార్ములా ఇవ్వండి అని మన ప్రభుత్వం పట్టుబడితే దేశమే వదిలి వెళ్లిపోయింది. 1993లో గానీ తిరిగి రాలేదు. అంత పంతం పట్టిన కంపెనీ కూడా సీసా మీద దినుసుల జాబితా వేస్తుంది. పేర్లు బయట, పాళ్లు లోపల. ఇన్నేళ్లూ దానికి అది సరిపోయింది.

మీ లేబుల్ ఫొటో చూశాను. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంది, బాగుంది. కానీ మొత్తం తెలుగులోనే ఉంది. నాకు కన్నులపండుగే గానీ, చట్టప్రకారం ఈ వివరాలు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండి తీరాలి, తెలుగు వాటికి అదనం. రెండూ వేయించండి. అలర్జీ వాక్యం తెలుగులో ఉండటం నియమం కోసం కాకపోయినా, ఇంగ్లిష్ చదవలేని అమ్మమ్మ కోసం.

రొయ్యపొట్టు సంగతి మీరు చివర్లో, ఏదో మాటవరసకన్నట్టు రాశారు. నాకు అన్నిటికంటే భయమేసింది అక్కడే. జీడిపప్పు మీరు తెలిసి వేస్తున్నది. రొయ్యపొట్టు మీకు తెలియకుండా పడుతున్నది. మిక్సీ జార్ బ్లేడు కింద, ఆ రబ్బరు వాచరు ఉంటుంది చూడండి, అక్కడ వేలు పెట్టి గీకండి. కడిగి బోర్లించిన జార్‌లో కూడా ఎర్రటి పొడి గోరుకి అంటుకుంటుంది. రొయ్యలు పడనివాళ్లలో కొందరికి ఆ మాత్రం చాలు. పైగా కందిపొడి కొనేవాళ్లలో సగం మంది నీచు ముట్టనివాళ్లు అయ్యుంటారు, ప్యాకెట్ మీదేమో పచ్చచుక్క వేస్తున్నారు. రొయ్యపొట్టుకి జార్, జల్లెడ, గరిటె వేరే కొనుక్కోండి. వాటికి ఎర్రరంగు టేపు చుట్టండి, పనమ్మాయికి కూడా తేడా తెలియాలి. ఆ పొడి పట్టే రోజు వేరే పెట్టుకోండి, లేదా ఆ రోజు పనిలో అన్నిటికంటే చివర పెట్టుకోండి. పల్లీల పొడికీ, నువ్వుల పొడికీ ఇదే వరస.

ఇవన్నీ చేశాక కూడా ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడే అవకాశం మిగిలే ఉంటే, "ఫలానాది ఉండవచ్చు" అనే వాక్యానికి నియమాల్లో చోటుంది. దాన్ని గొడుగులా మాత్రం వాడకండి. జార్లు కడగడం మానేసి, ఎనిమిదింటి పేర్లూ "ఉండవచ్చు" అని అచ్చేసి చేతులు దులుపుకునేవాళ్లని చూశాను. అన్నీ ఉండవచ్చంటే ఆ తల్లి దేన్ని నమ్మాలి?

అమెరికా, లండన్ పార్సిళ్లు. కూతురికి అరకిలో పంపడం వేరు, అక్కడి దుకాణంలో అరమీద పెట్టి అమ్మించడం వేరు. రెండోదైతే అక్కడి లేబుల్ చట్టమే వర్తిస్తుంది. తేడా ఎక్కడొస్తుందంటే నువ్వుల దగ్గర. మన జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2004 నాటి చట్టం ఎనిమిదింటినే చెప్పేది. 2021లో కొత్త చట్టం చేసి, 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని తొమ్మిదోదిగా చేర్చారు. అంతకుముందు అక్కడ కూడా నువ్వులు "మసాలాలు" అనే మాట చాటున దాక్కునేవి, మీ జీడిపప్పులాగే. బ్రిటన్, ఐరోపా జాబితాలో 14 ఉన్నాయి. నువ్వులే కాదు, ఆవాలు కూడా. ఆవకాయకి ఆ పేరు తెచ్చిన ఆవే అక్కడ అలర్జీ వస్తువన్నమాట! గానుగ నూనెతో పెట్టిన పచ్చళ్లని "నూనె" అని ఊరుకోకండి. బాగా శుద్ధి చేసిన నూనెలకి అమెరికా చట్టం మినహాయింపు ఇచ్చింది గానీ, గానుగ నూనె ఆ లెక్కలోకి రాదు. మన గానుగ నూనెలో ఆ గింజ రుచీ వాసనా మిగిలున్నట్టే ప్రొటీనూ కాస్త మిగిలే ఉంటుంది.

బ్రిటన్‌లో ఈ పట్టుదల ఊరికే రాలేదు. 2016లో నటాషా ఎడ్నాన్ లపరూజ్ అనే పదిహేనేళ్ల అమ్మాయి హీత్రో విమానాశ్రయంలో బ్రెడ్డు శాండ్‌విచ్ కొనుక్కుంది. ఆమెకి నువ్వులు పడవు. నువ్వులు పిండిలోనే కలిసిపోయి ఉన్నాయి, పైకి కనపడవు. అక్కడికక్కడే తయారుచేసి చుట్టి ఇచ్చే తిండికి పూర్తి లేబుల్ అక్కర్లేదన్నది అప్పటి నియమం. విమానంలో ఒళ్లు దద్దుర్లెక్కింది. వాళ్ల నాన్న రెండు ఇంజెక్షన్లు ఇచ్చినా బతకలేదు. ఆ తల్లిదండ్రుల పోరాటంతో నియమం మారింది. 2021 అక్టోబరు 1 నుంచి అలాంటి ప్యాకెట్ మీద కూడా దినుసులన్నీ రాసి, అలర్జీవి కొట్టొచ్చినట్టు చూపించాలి. దాన్ని నటాషా చట్టమనే పిలుస్తారు.

మీవారికి లెక్కల భాషే నచ్చితే ఇవీ చెప్పండి. తప్పుడు లేబుల్‌కి 2006 ఆహార భద్రత చట్టంలో జరిమానా 3 లక్షల దాకా ఉంది. తిన్న మనిషికి హాని జరిగితే పరిహారం వేరే. ప్రాణం పోతే అది 5 లక్షలకి తగ్గకూడదని చట్టంలోనే రాసుంది. వెనకవీధి ఆవిడ మీ పొడిని కాపీ కొట్టినా ఆ నష్టం ఈ లెక్కకి దగ్గరకి కూడా రాదు.

అలాగని రహస్యాన్ని గాలికొదిలేయమనడం లేదు. మన దేశంలో వ్యాపార రహస్యాలకంటూ విడిగా చట్టం లేదు. తేవాలని లా కమిషన్ 2024లో తన 289వ నివేదికలో సిఫారసు చేసింది. ప్రస్తుతానికి ఒప్పందాలు, కోర్టు తీర్పులే దిక్కు. కాబట్టి జాగ్రత్త మీ వంటింట్లోనే మొదలవ్వాలి. పనికొచ్చే ఇద్దరమ్మాయిలతో స్టాంపు కాగితం మీద రాయించుకోండి, ఇక్కడ నేర్చుకున్న పాళ్లు బయట చెప్పబోమని. అంతకంటే బాగా పనిచేసేది పాత పద్ధతి: మసాలా మిశ్రమం మీరొక్కరే రాత్రిపూట తూచి కట్టి పెట్టుకోండి, పగలు వాళ్లు ఆ పొట్లం విప్పి కలుపుతారు. ఎన్నో స్వీటు దుకాణాల్లో పెద్దాయన ఇంటి నుంచి పొట్లాలు కట్టి తెచ్చేది ఇందుకే. పేటెంటు గురించి ఎవరైనా చెబితే వినకండి. పేటెంటుకి అంతా విప్పి రాసివ్వాలి, ఇరవై ఏళ్లయ్యాక అది ఊరందరిదీ అవుతుంది. మీ అత్తగారు గడప దాటనివ్వొద్దన్నది పాళ్లని అనుకోండి. జీడిపప్పు పేరు దాటినా ఆవిడ మాట దాటినట్టు కాదు.

అమ్ముడుపోని ప్యాకెట్లు ఇంట్లో ఎన్ని ఉన్నాయో రాయలేదు. ఎన్నున్నా పారేయక్కర్లేదు. సరైన జాబితాతో కొత్త లేబుల్ వేయించి అంటించాకే బయటికి పంపండి. దుకాణాల్లో ఉన్నవి వెనక్కి తెప్పించండి. ఈ ఆరు నెలల్లో కొన్నవాళ్లకి వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టండి, వంకర లేకుండా: "మా కందిపొడిలో జీడిపప్పు ఉంది. ఇంతకుముందు ప్యాకెట్ మీద రాయలేదు, పొరపాటు మాదే. పడనివాళ్లు ఇంట్లో ఉంటే వాడకండి, డబ్బు తిరిగి ఇస్తాం."

ఇక కొత్త లేబుల్. మీరు నాకు చెప్పిన దాన్నిబట్టి వరస ఇలా వస్తుంది: కందిపప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు, శనగపప్పు, ఉప్పు, మసాలా దినుసులు, ఇంగువ. కింద ముదురు అక్షరాల్లో: "ఇందులో జీడిపప్పు ఉంది." ఇది అచ్చుకి ఇచ్చేముందు ఒక్క పని చేయండి. ఇంగువ డబ్బా తీసుకుని, వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. మనం మామూలుగా కొనేది అసలు ఇంగువ కాదు. అసలు ఇంగువ ఒక మొక్క వేరు నుంచి వచ్చే జిగురు, చాలా ఘాటు. దాన్ని పిండిలోనో వేరే జిగురులోనో కలిపి, ఘాటు తగ్గించి అమ్ముతారు. చాలా డబ్బాల్లో ఆ పిండి గోధుమది, లేదా మైదా. గ్లూటెన్ పడక అన్నం, పొడి మాత్రమే నమ్ముకుని బతికే మనిషి మీ కందిపొడి కొంటే, ఆ చిటికెడు ఇంగువలోంచి గోధుమ లోపలికి వెళ్తుంది. అది మీకు కూడా తెలియని మీ పొడి రహస్యం. గోధుమ ఉంటే అలర్జీ వాక్యంలో దాన్నీ చేర్చండి, లేదా బియ్యప్పిండితో చేసిన ఇంగువకి మారండి.

డబ్బా మీద ఏముందో నాకు ఒక్క ముక్క రాయండి. గోధుమే ఉంటుందని నా పందెం.